నల్ల తెర దగ్గర ఆగిన పాఠకుడు: ఒక యువ రచయితకు లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

పాత కంప్యూటర్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసేటప్పుడు ఎదురయ్యే బూట్ చిక్కుల మీద, అంటే యంత్రం లేవడంలో వచ్చే తంటాల మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది. కానీ ‘తెర నల్లగా ఉండిపోతే’ అనే శీర్షిక కింద ఏడు చిట్కాలు గుదిగుచ్చి వదిలేశావు. కంగారులో ఉన్నవాడు ఏడూ ప్రయత్నించి ఉన్నది కూడా పోగొట్టుకుంటాడు.

ముందు ఎక్కడ ఆగిందో పాఠకుడి చేత తేల్పించు. మీట నొక్కగానే మదర్‌బోర్డులో ఉండే తొలి ప్రోగ్రాం బయోస్ లేస్తుంది, బూట్ పరికరాన్ని (సిస్టమ్ ఉన్న డిస్కునో పెన్‌డ్రైవ్‌నో) వెతుకుతుంది, తర్వాత లినక్స్‌ను లేపే గ్రబ్, ఆపైన లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్, చివరికి డెస్క్‌టాప్. లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ పెట్టినా పాత విండోసే వచ్చిందంటే ఇంకా గ్రబ్ దాకా పోలేదు. బూట్ క్రమమో, పెన్‌డ్రైవ్ తయారీయో చూడాలి. ‘గ్రబ్ రెస్క్యూ’ అని పడితే గ్రబ్ తొలిభాగం దొరికింది, మిగతా ఫైళ్లు దొరకలేదు.

గ్రబ్ మెనూ కనిపించి, ఆ తర్వాత తెర నల్లబడితే చాలాసార్లు గ్రాఫిక్స్ డ్రైవర్ తంటానే. ఇక్కడ ‘నోమోడ్‌సెట్ వాడండి’ అని తేల్చేశావు. తెర అమరిక జోలికి పోవద్దని కెర్నల్‌కు చెప్పే మాట అది. ఎక్కడ వాడాలి? మెనూలో ‘ఇ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే వరస చివర ఒక ఖాళీ వదిలి దాన్ని చేర్చాలి. కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కాలి. ఆ మార్పు ఆ ఒక్కసారికే పనిచేస్తుందనీ చెప్పు. లేదంటే మర్నాడు మళ్లీ నల్ల తెర చూసి నిన్నే తిట్టుకుంటాడు.

యంత్రం లేచే కొత్త, పాత పద్ధతులైన యూఈఎఫ్‌ఐ, లెగసీల గొడవకు రెండు వాక్యాలు చాలవు. ఇన్‌స్టాలర్ ఏ పద్ధతిలో లేస్తే గ్రబ్ సాధారణంగా ఆ పద్ధతికే కుదురుతుంది. ఆనక సెట్టింగ్ మారిస్తే డిస్క్‌లో అన్నీ ఉన్నా బూట్ పరికరం లేదంటుంది యంత్రం.

లినక్స్ 1991లో పుట్టిందన్న పేరా తీసెయ్యి, ఎవరూ అడగలేదు. ఆ చోట ప్రాసెసర్ కొత్తరకం 64 బిట్‌దో, పాతరకం 32 బిట్‌దో చూసుకోమను. లినక్స్ రకాల్లో ఒకటైన ఉబుంటు 2017లోనే 32 బిట్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్ మానేసింది. మరో రకమైన డెబియన్‌లో 2025లో వచ్చిన 13వ కూర్పుకూ అది లేదు.

గడియారం ప్రతిసారీ పాత తేదీకి పోతుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉండవచ్చు. మార్చిన బూట్ క్రమం కూడా దాంతోపాటే చెరిగిపోవచ్చు. దీన్ని నువ్వు అసలు తలవనేలేదు.

డిస్క్ ఫార్మాట్ చెయ్యమన్న ఏడో చిట్కా మాత్రం కొట్టెయ్యి. పైవాటిలో దేనికీ అది మందు కాదు, పైగా పాఠకుడి ఫోటోలన్నీ పోతాయి. సవరించిన ప్రతి పంపించు.

నీ శ్రేయోభిలాషి