సిల్వర్ నైట్రేట్ సీసా మూత తీసేముందు

అమ్మాయ్,

ల్యాబ్‌కి సిల్వర్ నైట్రేట్ వచ్చిందన్నావు. మూత తీసేముందు ఈ మావయ్య మాట విను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను దాన్ని బోరు నీళ్లలో కలిపేశాను, నీళ్లలోని ఉప్పు (క్లోరైడ్) వల్ల చూస్తుండగానే పాలలా తెల్లబడిపోయింది, వెనక బెంచీ నుంచి "టీ పెట్టండి సార్" అన్నాడొకడు. నువ్వున్నది సముద్రం ఒడ్డున అంతర్వేది పక్కన, అక్కడి బోర్ల ఉప్పదనం సంగతి చెప్పాలా! ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొనుక్కో, దాన్నీ ముందు ఒక చుక్కతో పరీక్షించు. 100 మిల్లీలీటర్లకి 1.7 గ్రాములు వేస్తే 0.1 మోలార్ (లీటరుకి 0.1 మోల్) గాఢత వస్తుంది, టెస్టులకి అందులో సగం చాలు. గోధుమరంగు సీసాలో పోసి బీరువాలో పెట్టు.

ఆ బోరు నీళ్లనే పాఠం చేసెయ్. పిల్లల్ని ఇంటి బోరు నీళ్లు, కాలువ నీళ్లు, రొయ్యల చెరువు నీళ్లు తలో సీసాడు తెమ్మను. ఒక్కోదాంట్లో ముందు సజల నత్రికామ్లం (నీళ్లు కలిపిన నైట్రిక్ ఆసిడ్) రెండు చుక్కలు (లేకపోతే కార్బోనేట్ కూడా తెల్లగా కనబడి మోసం చేస్తుంది; హైడ్రోక్లోరిక్ మాత్రం పొయ్యకు, అందులోనే క్లోరైడ్ ఉంది కదా), తర్వాత మన సిల్వర్ నైట్రేట్ మందు ఒక చుక్క. చెరువు నీళ్లు పెరుగులా విరుగుతాయి, కాలువ నీళ్లు మసకబారితే మసకబారతాయి. ఆ తెల్లటిదాన్ని కాసేపు ఎండలో పెడితే ఊదారంగుకి తిరుగుతుంది, పాతకాలం ఫొటోల కిటుకు అదే.

రాగి తీగ ప్రయోగానికి కాలిపోయిన మోటారు వైండింగ్ తీగ బాగుంటుంది, కానీ దానిమీద వార్నిష్ పూత ఉంటుంది, గరుకు కాగితంతో ఎర్రగా మెరిసేదాకా గీకు. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో వేసి కదపకుండా ఉంచితే కాసేపట్లో తీగకి బూజులా వెండి పడుతుంది, నీళ్లు నెమ్మదిగా నీలమవుతాయి.

వెండి అద్దం (గాజు గొట్టం లోపల వెండి పూత పట్టించడం) చేస్తే టోలెన్స్ ద్రావణం, అంటే అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్, అప్పటికప్పుడే కలుపు, మంటమీద కాదు, వేడినీళ్ల గిన్నెలో పెట్టు. మిగిలింది రేపటికని దాచావో, పేలే పదార్థం తయారవుతుంది, నేనేం బెదిరించడంలేదు. గంట కొట్టేలోపే సజల ఆమ్లం పోసి పని ముగించు.

గ్లోవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. చర్మం మీద పడితే అప్పుడేమీ కనబడదు, ఇంటికెళ్లాక నల్లబడుతుంది, ఓటు సిరాలో ఉండేదీ ఇదే, ఎంత తోమినా పోదు. వాళ్ల అమ్మలు నీమీదకొస్తారు.

వాడేసిన నీళ్లు సింకులో పొయ్యకు. ఉప్పు నీళ్లు కలిపితే వెండి అడుక్కి దిగుతుంది, ఒక డబ్బాలో కూడబెట్టు. టోలెన్స్‌ది మాత్రం ఆమ్లం పోశాకే అందులో కలుపు.

కాలువలకి నీళ్లు ఆపేసేలోపే ఈ క్లాసు పెట్టుకో, తర్వాత పోల్చడానికి మంచినీళ్లు దొరకవు.

మీ మావయ్య