బ్యాంకాక్ వెళ్తున్న మా మేనకోడలికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి నీ ఉద్యోగం సంగతి చెప్పాడు. మనుషుల అక్రమ రవాణా మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ అట, ఆఫీసు బ్యాంకాక్‌లో అట, నెలలో సగం రోజులు మాత్రం మయన్మార్ సరిహద్దులో ఉన్న థాయ్‌లాండ్ ఊరు మే సోట్‌లో ఉండాలట, మనుషుల్ని బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించే స్కామ్ సెంటర్ల నుంచి బయటపడి నది దాటి వచ్చిన మన పిల్లలతో మాట్లాడి కేసులు రాయాలట. వాడి గొంతులో భయమూ ఉంది, కూతురి మీద గర్వమూ ఉంది. నాకూ అంతే. బెంగళూరులో అంత మంచి జీతం వదులుకుని ఈ పనికి వెళ్తున్నావంటే కడుపు నిండినట్టయింది, కానీ ఫోన్ పెట్టేశాక తెల్లారేదాకా నిద్ర పట్టలేదు. చెన్నైలో షెల్టర్ హోమ్‌లో ఇలాంటి ఆడపిల్లల మధ్యే నా ఉద్యోగమంతా గడిచింది కదా, అందుకే ఈ ఉత్తరం.

చిన్న చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. పాస్‌పోర్టు, వీసా కాపీలు మీ నాన్న దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి ఉంచు. ఆఫీసు ఐడీ కార్డు మెడలో వేసుకుని బజారుకి వెళ్లకు. ఏ హోటల్లో ఉన్నావో ఫేస్‌బుక్‌లోనూ ఇన్‌స్టాలోనూ పెట్టకు, ఫోన్‌లో లొకేషన్ ఆపెయ్. మోయి నది చాలా సన్నగా ఉంటుంది, అవతలి ఒడ్డున మయన్మార్ ఊరు మ్యావడ్డీ, ఇవతల నువ్వు. చీకటి పడ్డాక ఆ ఒడ్డుకి వెళ్లొద్దు, ఎవరు రమ్మన్నా సరే. వేళకి తిను.

చట్టం నీకు నాకంటే బాగా తెలుసు. మనుషుల అక్రమ రవాణా మీద 2000లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన పలెర్మో ప్రోటోకాల్ అనే ఒప్పందం మూడు సంగతులు చూడమంటుంది: మనిషిని ఏం చేశారు, ఎలా చేశారు, ఎందుకు చేశారు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలైతే ఆ రెండోది, అంటే మోసమా బలవంతమా అన్నది, చూపించాల్సిన పనే లేదు. దాంతోపాటే వచ్చిన ఇంకో ప్రోటోకాల్ డబ్బు తీసుకుని దొంగదారిన సరిహద్దులు దాటించేవాళ్ల గురించి. పుస్తకంలో ఇవి రెండు నేరాలు, ఆఫీసులో రెండు ఫైళ్లు. నీ ముందుకొచ్చే మనిషి మాత్రం చాలాసార్లు ఆ రెంటిలోనూ ఉంటాడు. 2019 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌లో ఎసెక్స్ దగ్గర ఒక లారీ కంటెయినర్‌లో 39 మంది వియత్నాం వాళ్లు ఊపిరాడక చనిపోయి కనిపించారు, వాళ్లలో పదిహేనేళ్ల పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ల ఇళ్లలో అప్పులు చేసి మరీ డబ్బు కట్టి పంపారు. కాబట్టి "వాడే డబ్బు కట్టి వెళ్లాడు కదా" అనే మాట నీ నోట నేను వినకూడదు. మీ ఆఫీసులో ఎవరైనా అంటే ఊరుకోకు కూడా.

మన విశాఖ పిల్లల సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి కంబోడియా పంపిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు పట్టుకున్నారు. అక్కడ దిగగానే పాస్‌పోర్టులు లాక్కుని, రోజంతా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, మన దేశంలో వాళ్లకే ఫోన్లు చేయించి డబ్బు కాజేయించారు. ఇలా మయన్మార్‌లో కనీసం 1,20,000 మందిని, కంబోడియాలో సుమారు 1,00,000 మందిని పెట్టి చేయిస్తున్నారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. నీ ఎదురుగా కూర్చునే కుర్రాడు ఎవరో రిటైరైన మాస్టారి పొదుపంతా ఊడ్చేసి ఉండొచ్చు. టార్గెట్ అందుకోలేదని వాడికి కరెంటు షాకులు పెట్టి కూడా ఉండొచ్చు. బలవంతంగా చేయించిన నేరానికి బాధితుణ్ణి శిక్షించకూడదన్న సూత్రం ఉంది, దాని కోసం గట్టిగా వాదించు. కానీ "నీకేం కాదు, నేనున్నాను" అని మాట మాత్రం ఇవ్వకు. ఇక్కడ దిగాక పోలీసులు విచారిస్తారు, ఆ మాట నిలబెట్టుకోవడం నీ చేతిలో ఉండదు. వాడు నోరు విప్పకముందే, నువ్వు రాసుకునేది ఎవరెవరు చదువుతారో వాడికి చెప్పు. కొందరు అది విని మాట్లాడ్డం ఆపేస్తారు. ఆపనీ. మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది చదివేటప్పుడు ఫోన్ పక్కన పెట్టి చదువు.

2012 ప్రాంతంలో కువైట్ నుంచి ఒక పిల్ల వచ్చింది. కడప, నెల్లూరు, చిత్తూరు వాళ్లు చాలామంది గల్ఫ్ విమానాలకు చెన్నైకే వస్తారు కదా, ఎయిర్‌పోర్టులో దిక్కు తోచక కూర్చుంటే ఎవరో మా హోమ్‌కి చేర్చారు. ఇంటిపనికి వెళ్లింది. సేటు పాస్‌పోర్టు లాక్కుంటే పారిపోయి ఎంబసీకి చేరి, ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లు ఇంటికి రావడానికి ఎంబసీ ఇచ్చే కాగితం మీద, వచ్చింది. ఆ ఔట్‌పాస్‌లో వయసు ముప్పై ఒకటి. మనిషిని చూస్తే ఎవరూ నమ్మరు, కానీ కాగితం అదే చెప్తోంది. ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే పనికి విదేశం వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి కావాల్సిన పాస్‌పోర్టు, మీద ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లు గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్లడానికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు, అందుకని ఏజెంట్లు వయసు పెంచి పాస్‌పోర్టు చేయిస్తారు. పోయిన పాస్‌పోర్టులో ఏముందో ఔట్‌పాస్‌లోకీ అదే ఎక్కుతుంది. అంటే అబద్ధానికి ఎంబసీ ముద్ర కూడా పడిపోయిందన్నమాట.

మొదటి రోజు తెల్లవారకముందే లేచి, ఎవరూ చెప్పకుండానే హాలంతా తుడిచేసింది. అన్నం కంచంలో పెట్టిస్తే సింకు పక్కన నిలబడి తింటోంది. కూర్చోమంటే కూర్చుంటుంది, నేను అటు తిరగ్గానే లేచి నిలబడుతుంది. సాయంత్రానికి కాస్త కుదుటపడి నా పక్కన చేరి వాళ్ల ఊరు, సముద్రం, వాళ్లమ్మ వండే చేపల పులుసు అన్నీ చెప్పింది. రాత్రి మా ఆఫీసు ఫోన్ నుంచి అమ్మతో మాట్లాడింది. ఆ నంబర్ మా రిజిస్టర్‌లో రాశాం.

మర్నాడు నేను వేరే కేసు మీద కోర్టుకి వెళ్లాను. మేనమామనంటూ ఒకాయన వచ్చాడట, చేతిలో పళ్ల కవరు, ఇంకో చేతిలో రేషన్ కార్డు జిరాక్స్. సూపరింటెండెంట్ ఆ పిల్లను పిలిచి, ఆయన ఎదురుగానే, "మామయ్యతో వెళ్తావా అమ్మా?" అని అడిగింది. పిల్ల తలూపింది. ఇంటికి ఫోన్ చేసి కనుక్కుందామని ఆయన ఇచ్చిన నంబర్‌కే చేశారు. అవతల ఎవరో ఆడమనిషి ఎత్తి "పంపించండి మేడమ్" అంది. మార్చి నెల, కేసులు ముగించి పైకి రిపోర్టు పంపాలన్న తొందర, రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని మధ్యాహ్నం కోయంబేడు నుంచి నెల్లూరు బస్సు ఎక్కించేశారు. సాయంత్రం నేను వచ్చేసరికి మంచం ఖాళీ. మా వంటావిడ చెప్పింది, ఆయన్ను చూడగానే ఆ పిల్ల సగం తిన్న కంచం కడిగేసి మారు మాట్లాడకుండా సంచి సర్దుకుందట.

కొన్ని వారాలకు తల్లి వచ్చింది, పిల్ల ఏదని. ఆ వచ్చినవాడు మేనమామ కాదు, వాళ్ల ఊరి సబ్ ఏజెంటు. మొగుడి ఆస్పత్రి ఖర్చుకి ఆమె వాడి దగ్గరే వడ్డీకి తెచ్చింది, ఆ అప్పు కిందే పిల్లను మొదటిసారి పంపింది. పిల్ల పారిపోయి వచ్చేసిందని తెలిసి వాడు తల్లికి కూడా చెప్పకుండా ముంబై మీదుగా విజిట్ వీసాతో దుబాయ్, అక్కణ్ణుంచి ఒమన్ పంపేశాడు. రిజిస్టర్‌లో మేమే రాసుకున్న నంబర్, వాడు ఇచ్చిన నంబర్, రెండూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే ఆ మధ్యాహ్నమే దొరికిపోయేవాడు. పిల్ల వయసెంతమ్మా అని అడిగాను. ఆమెకు సంవత్సరం తెలీదు. "సునామీ వచ్చినప్పుడు నాలుగో క్లాసు చదవతా ఉండింది మేడమ్" అంది. సునామీ 2004 డిసెంబర్. లెక్క వేసుకో, పదిహేడు. మైనర్ పిల్ల. బాలల సంక్షేమ కమిటీ ముందు పెట్టకుండా బయటికే పంపకూడని పిల్లను ముప్పై ఒక్కేళ్ల మనిషని ఒక దొంగ చేతిలో పెట్టారు. కేసు పెట్టాం, మస్కట్ ఎంబసీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశాం, ఏడాది దాటాక గానీ తిరిగి రాలేదు. ఆ ఏడాదిలో ఏం జరిగిందో నాకు చెప్పింది. నీకు రాయను.

అందుకే చెప్తున్నాను, కాగితంలో వయసు చూసి సంతృప్తి పడకు. విశాఖ పిల్లలైతే హుద్‌హుద్ తుఫాను అప్పుడు ఏ క్లాసు అని అడుగు, అది 2014 అక్టోబర్. ఏ ఊరివాళ్లనైనా నోట్లు రద్దయినప్పుడు ఏం చదువుతున్నావని అడుగు. "వెళ్తావా, ఉంటావా" అన్నది మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి, గదిలో బంధువు ఉండకూడదు, పోలీసు ఉండకూడదు, తోటి బాధితుడు కూడా ఉండకూడదు, ఎందుకంటే గుంపులో ఒకడు కంపెనీ మనిషి అయి ఉండొచ్చు. దుబాసీ ఎవరో, ఏ ఊరివాడో, ఎవరు పంపితే వచ్చాడో కనుక్కున్నాకే నోరు తెరువు. నేను సాయం చేస్తానంటూ తనంతట తాను వచ్చే తెలుగువాణ్ణి చూసి సంబరపడకు, పరాయి దేశంలో మన భాష వినగానే మనసు కరిగిపోతుంది, నీకు మరీను. ఇంటికి పంపేముందు ఆ ఇంట్లో అప్పు ఎవరి దగ్గర ఉందో అడుగు. ఏజెంటు సాధారణంగా దూరపు మనిషి కాడు, పక్కింటివాడో బావమరిదో అయి ఉంటాడు.

కోపంగా రాస్తున్నానని అనుకోకు. నువ్వు మనుషుల్ని తొందరగా నమ్మేస్తావు, చిన్నప్పట్నించీ అంతే. సెలవులకు పెరంబూరు వచ్చినప్పుడు ఒకసారి పాండీబజార్‌లో నా చెయ్యి వదిలేసి గాజులమ్మే ఆవిడ వెంట వెళ్లిపోయావు, గుర్తుందా? ఏడుస్తూ వెతుకుతుంటే నువ్వు ఆవిడ పక్కన దర్జాగా కూర్చుని ఆవిడ కూతురి పేరు, మనవరాలి పేరు అన్నీ కనుక్కుంటున్నావు. ఆ రోజు నీ వీపు మీద ఒక్కటి వేశాను, తర్వాత రాత్రంతా నిన్ను పక్కలో పడుకోబెట్టుకుని ఏడ్చాను. తెలియని మనిషి నోట అంత తేలిగ్గా మాట రప్పించడం మా హోమ్‌లో ఎంత ట్రైనింగ్ ఇచ్చినా చాలామందికి రాలేదు. అది పోగొట్టుకోవద్దు. అవతలివాళ్లు నీతో మాట్లాడతారు, ఆ నమ్మకం నాకుంది. నువ్వు ఎవరితో ఏం మాట్లాడేస్తావో అనే నాకు భయం.

ఇంకొకటి, పత్రం సంగతి. ఇక్కడ తిరువళ్లూరు ఇటుక బట్టీల నుంచి ఒడిశా కుటుంబాలను విడిపించినప్పుడు అందరూ ఫొటోలు తీసుకుని రైలెక్కించడానికే తొందరపడేవాళ్లు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కింద ఆర్డీవో ఇచ్చే విడుదల పత్రం చేతికి రాకుండా రైలెక్కితే, ఊళ్లో వాళ్లను పనికి కుదిర్చిన సర్దార్ వచ్చి అడ్వాన్సు తిరిగిమ్మన్నప్పుడు చూపించడానికి వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. మే సోట్‌లోనూ అంతే. 2025 మార్చిలో మనవాళ్లను 500 మందికి పైగా అక్కణ్ణుంచి వాయుసేన విమానాల్లో తెచ్చారు, అలా తేవడం గొప్ప విషయమే. అంతమందిని ఒకేసారి పంపే రోజు వచ్చినప్పుడు, వీడు బాధితుడని గుర్తించిన కాగితం ప్రతివాడి చేతిలో ఉందా లేదా అన్నది నువ్వు చూడు. విమానం కాస్త ఆలస్యమైతే అవనీ.

నీ ఆరోగ్యం గురించి మీ అమ్మ చెప్తుందిలే, నేను మనసు గురించే చెప్తాను. నాతో పనిచేసిన ఒకామె చాలా గట్టి మనిషి, ఎవరి ముందూ కంటతడి పెట్టేది కాదు. ఒకరోజు బస్సులో ఎవరో చంటిపిల్ల ఏడుస్తుంటే తట్టుకోలేక దిగిపోయింది, మళ్లీ డ్యూటీకి రాలేదు. ఎంత బతిమాలినా రాలేదు. మాకు అప్పట్లో కౌన్సెలింగ్ అంటే బాధితులకే, మాకెవరూ లేరు. నీకు అలా జరగనివ్వను. నీ ఆఫర్ లెటర్ తీసి చూడు, సరిహద్దు డ్యూటీ తర్వాత ఎన్ని రోజులు సెలవు, సిబ్బందికి కౌన్సెలింగ్ ఉందా, దాని ఖర్చు ఎవరు భరిస్తారు, ఉంటే అది తెలుగులోనో ఇంగ్లిష్‌లోనో ఎవరితో అన్నవి రాసి ఉన్నాయో లేదో చదువు. లేకపోతే సంతకం పెట్టకముందే మెయిల్ రాసి అడుగు, మొహమాటపడకు. వాళ్లు ఏం చెప్పారో ఆదివారం లోపల నాకు ఫోన్ చేసి చెప్పు.

మీ అత్తయ్య
పెరంబూరు, చెన్నై