ఆఫర్ ఒప్పుకునే ముందు అడగాల్సినవి

చిరంజీవి అమ్మడుకి,

బాబాయి ఆశీస్సులు. నువ్వు పంపిన రెండు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల ఆఫర్లూ చదివాను. జీతాల్లో పెద్ద తేడా లేదు కాబట్టి మూడు పూటలా తిండి, జిమ్, బీన్ బ్యాగులు, అపరిమిత సెలవులు ఇస్తామన్న కంపెనీ వైపే నీ మనసు లాగుతోందని మెయిల్ చూస్తేనే అర్థమైంది.

ఫ్రీగా పెట్టే తిండిని వద్దనక్కర్లేదు. అది ఎన్నింటికి పెడుతున్నారో మాత్రం కనుక్కో. 2022లో మెటా కంపెనీ రాత్రి భోజనాన్ని ఆరు నుంచి ఆరున్నరకి జరిపింది. ఉద్యోగుల్ని ఇళ్లకు చేర్చే ఆఖరి బస్సేమో ఆరింటికే. ఆ అరగంటతో బస్సెక్కేవాళ్లకి భోజనం పోయింది, భోంచేసేవాళ్లకి బస్సు పోయింది. బట్టలు ఉతికించే సౌకర్యమూ అప్పుడే ఎత్తేశారు. ఒక్క మెయిల్‌తో పోయేవాటిని చూసి ఉద్యోగం ఒప్పుకోకు.

అపరిమిత సెలవులంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. ఎన్ని రోజులైనా తీసుకోవచ్చంటే, ఎన్ని తీసుకుంటే మర్యాదగా ఉంటుందో ఎవరికీ తెలియదు. పక్క సీటు వంక చూసి ఊరుకుంటారు. కిక్‌స్టార్టర్ అనే కంపెనీ 2015లో ఆ పద్ధతి మానేసి 25 రోజులని తేల్చి చెప్పింది. పైగా లెక్కలేని సెలవులకు, మానేసి వెళ్లేటప్పుడు మిగిలినవాటి డబ్బులు సాధారణంగా రావు. అందుకని నీ మేనేజర్ కాబోయేవారిని అడుగు: "మీరు వరుసగా వారం రోజులు ఆఖరిసారి ఎప్పుడు సెలవు పెట్టారు? అప్పుడు మీ పని ఎవరు చూశారు?" రెండో ప్రశ్నకి తడుముకుంటే, సెలవులో కూడా ఫోన్ పట్టుకునే కూర్చున్నారన్నమాట.

నేనైతే అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునేది ప్రొడక్షన్, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్, పడిపోయిన రాత్రి గురించే. అలా ఆగిపోవడాన్నే అవుటేజ్ అంటారు. "ఈ మధ్య పెద్ద అవుటేజ్ ఏది? తర్వాత ఏం మార్చారు?" అని అడిగి, మధ్యలో అందుకోకుండా విను. "ఒక జూనియర్ తప్పు కమాండ్ కొట్టాడు, గట్టిగా చెప్పాం" అంటారు కొందరు. అక్కడ మనుషులు తప్పులు దాచడం నేర్చుకుంటారు. ఇంకొందరు, "ఆ కమాండ్ ఎవరైనా కొట్టేయగలిగేలా వదిలేశాం. ఇప్పుడు రెండోవాళ్లు ఓకే చేస్తేగానీ నడవదు" అంటారు. రెండో జవాబు వచ్చిన చోట, నీకు పోస్ట్‌మార్టమ్ (ఏం జరిగింది, ఎందుకు జరిగిందని తర్వాత రాసే రిపోర్టు) ఒకటి చూపించగలరేమో కూడా అడుగు. చాలామంది చూపించరు, అది తప్పు కాదు. కానీ అందులో మనుషుల పేర్లు రాస్తారా లేదా అన్నది నోటితో చెప్పొచ్చుగా! ఉచిత తిండికి పేరుమోసిన గూగులే 180 టీములను పరిశీలించింది. బాగా నడిచే టీముల్లో అన్నిటికన్నా ముఖ్యమని తేలింది తిండీ కాదు, తెలివీ కాదు. తెలియదన్నా, తప్పు చేశానన్నా ఎవరూ చులకన చేయరన్న ధైర్యం.

దీనితోపాటే ఆన్‌కాల్ సంగతి, అంటే వేళకాని వేళ సిస్టమ్ పడిపోతే లేచి చూసే డ్యూటీ. ఎంతమంది మధ్య తిరుగుతుంది, రాత్రి ఎన్నిసార్లు లేవాల్సి వస్తుంది, లేచినవాళ్లు మర్నాడు ఎన్నింటికి వస్తారు? గూగుల్ తన రిలయబిలిటీ టీములకు (సిస్టమ్‌లు పడిపోకుండా చూసేవాళ్లకు) పెట్టుకున్న హద్దు, 12 గంటల షిఫ్టుకు రెండు ఘటనలు. అంతకంటే ఎక్కువైతే వాటిని సరిగ్గా పరిష్కరించే టైమే ఉండదు. అదే లెక్క మీకూ ఉండాలని లేదు. అసలు ఏదో ఒక లెక్క ఉందా అన్నదే చూడు. "మా వాళ్లు చాలా ప్యాషనేట్" అని జవాబొస్తే, లేదని రాసుకో.

నోటీస్ పీరియడ్, బాండ్, వేరియబుల్ పే షరతులు ఎలాగూ చదువుతావు.

ఆఖరిగా, మేనేజర్ లేకుండా టీములో ఒకరితో అరగంట మాట్లాడించమని హెచ్‌ఆర్‌ని అడుగు. మానేసి వెళ్లినవాళ్లను లింక్డ్‌ఇన్‌లో నువ్వే వెతుక్కో. కోపంలో కొంత ఎక్కువే చెప్తారు, అది తీసేసి విను. ఇద్దరు ముగ్గురు ఒకే మేనేజర్ పేరెత్తితే మాత్రం తీసేయకు.

ఆ తిండి పెట్టే కంపెనీవాళ్లు శుక్రవారంలోగా జవాబివ్వాలన్నారని రాశావు. ఇవన్నీ కనుక్కోవడానికి ఇంకో నాలుగు రోజులు గడువు అడుగు. అంతమాత్రానికే ఆఫర్ వెనక్కి తీసుకుంటామని బెదిరిస్తే, నాకు ఫోన్ కూడా చెయ్యక్కర్లేదు. రెండోదానికి సంతకం పెట్టెయ్.

ఇట్లు,
మీ బాబాయి