ఏఎన్ఏ పాజిటివ్ వస్తే లూపస్ ఉన్నట్టేనా?
చెల్లికి కీళ్ల నొప్పులు, ఏఎన్ఏ పాజిటివ్, లూపస్సేనా అని అడిగారు. లూపస్ అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తి సొంత అవయవాల మీదే దాడి చేసే జబ్బు, ఏఎన్ఏ అంటే అలా సొంత కణాల మీదకే వెళ్లే యాంటీబాడీలు ఉన్నాయేమో చూసే రక్త పరీక్ష. ఆ ఒక్క రిపోర్టుతో తేల్చలేం, టెన్షన్ పడకండి. లూపస్ ఉన్న దాదాపు అందరికీ ఏఎన్ఏ పాజిటివ్ వస్తుంది గానీ, ఏ జబ్బూ లేని కొందరికి కూడా వస్తుంది. ముందు మనిషిని చూడాలి: ఎండలోకి వెళ్లొస్తే బుగ్గలు, ముక్కు కందిపోయి, ముక్కు పక్క మడతలు మాత్రం మామూలుగా ఉంటున్నాయా (చామనఛాయ ఒంటి మీద ఎరుపు సరిగా తేలదు, నల్లగా కనిపిస్తే మంగు అనుకుని క్రీములు రాసేస్తుంటారు), పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోతున్నాయా, నోట్లో నొప్పి లేని పుండ్లు, వదలని జ్వరం ఉన్నాయా? ఉంటే రుమటాలజిస్టుకి (కీళ్ల జబ్బులు, లూపస్ లాంటివి చూసే డాక్టరుకి) చూపించండి. యాంటీ డీఎస్‌డీఎన్ఏ (లూపస్‌లో కనిపించే మరో యాంటీబాడీ), సీ3, సీ4 (రక్తంలోని రోగనిరోధక ప్రొటీన్లు), సీబీసీ (రక్తకణాల లెక్క) పరీక్షలు రాస్తారు. చవకైనదే కదా అని మూత్ర పరీక్ష మాత్రం మానకండి, కిడ్నీ దెబ్బతింటున్నా మొదట్లో నొప్పేమీ ఉండదు, ప్రొటీన్ పోతోందని అక్కడే బయటపడుతుంది.