న్యూరోసైన్స్ ఎం.ఎస్. కోసం ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఎస్సీ. అనలిటికల్ కెమిస్ట్రీ రెండో ఏడాది. మెదడు రసాయనాలైన డోపమైన్, సెరటోనిన్‌ వంటివి కొలిచే పని ఇష్టమంటోంది. ఇంటి మీద అప్పు తెచ్చి విదేశంలో న్యూరోసైన్స్ ఎం.ఎస్. చేయించాలా, కెమిస్ట్రీలోనే ఉంచాలా? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కెమిస్ట్రీ అన్నం పెడుతుందా అన్నదే మీ అసలు భయం. పెడుతుందండీ, టెన్షన్ పడకండి.

మీ అమ్మాయికి నచ్చిన పనిలో కష్టమంతా కెమిస్ట్రీదే. డోపమైన్ గాలి తగిలితే ఆక్సీకరణ చెంది పాడవుతుంది. అందుకే ఎలుక మెదడు శాంపిల్‌ని వెంటనే పెర్‌క్లోరిక్ ఆసిడ్‌లో వేసి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో దాస్తారు. ఆ ఆక్సీకరణ గుణం ఆధారంగానే హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని రసాయనాలను విడదీసే మెషీన్)లోని ఎలక్ట్రోకెమికల్ డిటెక్టర్ దాన్ని కొలుస్తుంది. అసిటైల్‌కోలిన్ అనే ఇంకో మెదడు రసాయనానికి ఆ గుణం లేదు, దానికి ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ (విడదీసిన అణువులను బరువును బట్టి గుర్తించే మెషీన్) మేలు. హైదరాబాద్ బయోఅనలిటికల్ ల్యాబుల్లో ప్లాస్మాలో మందు ఎంతుందో చూసేదీ ఆ మెషీన్ మీదే. ఆసుపత్రుల్లో కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ అనుమానం వస్తే మెటానెఫ్రిన్లు (ఆ గ్రంథి హార్మోన్ల నుంచి వచ్చే రసాయనాలు) కొలిచేదీ ఎక్కువగా దాని మీదే.

న్యూరోసైన్స్ ఎం.ఎస్. మీద నాకు అనుమానాలున్నాయి. పేరు బాగుంది, అందరూ అడుగుతున్నారు. కానీ ఆ రంగంలో సొంతంగా పరిశోధన చేసే ఉద్యోగాలు దాదాపు అన్నీ పీహెచ్‌డీ అడుగుతాయి. చాలా ఎం.ఎస్.లలో ఫీజు మనదే. అమెరికాలో సైన్స్ పీహెచ్‌డీకైతే సాధారణంగా స్టయిపెండ్ ఇస్తారు. ఇక్కడ జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలు. ఏ దారిలో వెళ్లినా చేరేది పీహెచ్‌డీకే అయినప్పుడు, మధ్యలో ఈ అప్పు ఎందుకు?

ఇంకో మాట. యూరిన్ పరీక్షతో మెదడు రసాయనాలు చెబుతామనే ప్యాకేజీలు అమ్ముతున్నారు. యూరిన్‌లోని డోపమైన్ చాలావరకు కిడ్నీలు తయారుచేసేది. ఒంట్లోని సెరటోనిన్‌లో దాదాపు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. ఆ అంకె దేన్ని చెబుతోందో తేల్చగలిగిన మనుషులు కావాలి. మీ అమ్మాయి అలాంటి మనిషి కాగలదు.

కోపం తెచ్చుకోకండి, ఒకటి అడుగుతాను. మీ ఉత్తరంలో బ్యాంకు వడ్డీ లెక్క ఉంది, బంధువుల పిల్లల ప్యాకేజీలున్నాయి, అమ్మాయి మాట ఒక్క వాక్యమే ఉంది. ఇంటి కాగితాలు బయటికి తీసేముందు ఆమెను కూర్చోబెట్టి అడగొద్దూ? ఈ ఒత్తిడితో ఆమె చివరి సెమిస్టర్ ప్రాజెక్ట్ చెడగొట్టకండి. ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ ఉన్న ల్యాబులో ఆ ప్రాజెక్ట్ చేయనివ్వండి. మెథడ్ వాలిడేషన్ (కొలిచే పద్ధతి సరైన అంకెలే ఇస్తోందని రుజువు చేయడం) తన చేత్తో చేసిందంటే ఉద్యోగ ఇంటర్వ్యూకైనా, పీహెచ్‌డీ ఇంటర్వ్యూకైనా చెప్పుకోవడానికి గట్టి పని ఉంటుంది. విదేశం సంగతి ఆ తర్వాత, స్టయిపెండ్‌తో చూసుకోవచ్చు.