ఆఫీసు కంప్యూటర్‌లో విండోస్ 11 అప్‌గ్రేడ్ సగం దాటాక వెనక్కి వచ్చేస్తోంది, ఏం చేయాలి?

కడప బ్రాంచిలో మీరు, హైదరాబాద్‌లో మీ ఐటీ వాళ్లు. అప్‌గ్రేడ్ సగం దాటి రీస్టార్ట్ అయ్యాక మళ్లీ విండోస్ 10 వచ్చేస్తోంది, పెన్‌డ్రైవ్‌తో నేనే వేసుకోవచ్చా అని అడిగారు. వద్దండి. నేను కర్నూలులో ఇదే పని చేస్తాను, ఆదోని, నంద్యాల వైపు ఆఫీసుల కంప్యూటర్లు కూడా చూస్తుంటాను. ఆఫీసు సిస్టమ్‌లో డిస్క్‌కు చాలాచోట్ల బిట్‌లాకర్ తాళం ఉంటుంది. పెన్‌డ్రైవ్ కోసం బయోస్‌లో, అంటే విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల పేజీలో, సెట్టింగ్ మారిస్తే 48 అంకెల రికవరీ కీ అడిగే అవకాశం ఉంది. ఆ కీ మామూలుగా ఐటీ వాళ్ల దగ్గరే ఉంటుంది. అది దొరికేదాకా మీ పని ఆగిపోతుంది.

అప్‌డేట్ పేజీలో విండోస్ 11 అసలు కనిపించకపోతే అది వేరే సంగతి. ఐటీ వాళ్లు పాలసీతో, అంటే అన్ని సిస్టమ్‌లకూ వాళ్లు పెట్టే రూల్‌తో, విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 దగ్గర ఆపి ఉండొచ్చు. విండోస్ లోపలి సెట్టింగులుండే రిజిస్ట్రీలో దాన్ని తీసేసినా పాలసీ మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. మీది అది కాదు. సగం దాటి రీస్టార్ట్ దాకా వెళ్లిందంటే టీపీఎం అనే సెక్యూరిటీ చిప్, ప్రాసెసర్ లాంటి అర్హత పరీక్షలు మామూలుగా దాటినట్టే, వాటి మీద టైమ్ పెట్టకండి.

ఇప్పుడు చూడాల్సింది ఎక్కడ ఆగిందన్నది. అప్‌గ్రేడ్ ఇలా వెనక్కి వస్తే విండోస్ సాధారణంగా తనే కారణం వెతికి రాసి పెడుతుంది. సి డ్రైవ్‌లో విండోస్, అందులో లాగ్స్, అందులో సెటప్‌డయాగ్ అనే ఫోల్డర్ తెరవండి. సెటప్‌డయాగ్ రిజల్ట్స్ అని ఒక ఫైల్ ఉంటుంది. మీకు అర్థం కాకపోయినా ఫర్వాలేదు, అలాగే ఐటీకి పంపండి. అప్‌డేట్ హిస్టరీలో ఉన్న ఎర్రర్ కోడ్ కూడా ఫోటో తీసి పెట్టండి. "మళ్లీ ట్రై చేయండి" అని టికెట్, అంటే ఐటీకి పెట్టిన ఫిర్యాదు, మూసేసే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. కారణం తీయకుండా మళ్లీ మొదలుపెడితే ఇంకో పూట పోతుంది, అంతే.

కోడ్‌లో 1900101 అని ఉంటే ఎక్కువసార్లు డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, గొడవే. పక్కనే ఇంకో కోడ్ ఉంటే అందులో 0x తర్వాత వచ్చే మొదటి అంకె ఏ దశలో ఆగిందో చెబుతుంది. 2 అయితే కొత్త విండోస్ ఇంకా లేవకముందే, 3 అయితే మొదటి బూట్‌లో, 4 అయితే రెండో బూట్‌లో. మా వైపు ఆఫీసుల్లో నేను ఎక్కువగా చూసింది వేలిముద్ర హాజరు యంత్రం, డిజిటల్ సంతకం టోకెన్, పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్, వీటి డ్రైవర్ల వల్ల వచ్చే తిప్పలే. కీబోర్డు, మౌస్ తప్ప యూఎస్‌బీకి తగిలించినవన్నీ పీకేసి చూడండి. దీనికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు, చాలాసార్లు ఇంతటితోనే పని అయిపోతుంది. లేదంటే పాత డ్రైవర్‌ను, బయటి యాంటీవైరస్‌ను ఐటీ వాళ్లే తీసేయాలి.

సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్ అప్‌డేట్ కాలేదని వస్తే సి డ్రైవ్ ఖాళీ చేసి లాభం లేదు. బూట్ ఫైళ్లుండే ఆ చిన్న పార్టిషన్, అంటే డిస్క్‌లో విడిగా ఉండే భాగం, చాలా సిస్టమ్‌లలో 100 ఎంబీ మాత్రమే ఉంటుంది. అది నిండిపోయిందన్నమాట. అక్కడ చెయ్యి పెడితే సిస్టమ్ లేవకపోవచ్చు, అది వాళ్లకే వదిలేయండి.

కరెంటు విషయం కూడా చూసుకోండి. యూపీఎస్ బ్యాటరీ బలహీనంగా ఉంటే ఎండాకాలం మధ్యాహ్నాలు అప్‌గ్రేడ్ పెట్టకండి.

టికెట్‌లో సిస్టమ్ పేరు, కోడ్, ఆ ఫైల్, తగిలించి ఉన్న పరికరాల పేర్లు రాయండి. బ్రాంచిలో ఇంకా సిస్టమ్‌లు ఉంటే డెలివరీ ఆప్టిమైజేషన్ ఆన్ చేయమని అడగండి, ఒక సిస్టమ్‌లో దిగిన ఫైళ్లను పక్కవి తీసుకుంటాయి, లైన్ మీద భారం తగ్గుతుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి వాళ్లు ఆలస్యం చేస్తుంటే, ఈలోగా ఈ సిస్టమ్‌కు డబ్బు కట్టి తీసుకునే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు ఉన్నాయా అని కూడా అదే టికెట్‌లో అడగండి, సంస్థలకు అవి 2028 అక్టోబర్ దాకా దొరుకుతాయి.

అప్‌గ్రేడ్ అయ్యాక పాత విండోస్‌కు తిరిగి వెళ్లే వీలు మామూలుగా 10 రోజులే ఉంటుంది. ఆ లోపలే ప్రింట్, డిజిటల్ సంతకం, తెలుగు టైపింగ్ అన్నీ ఒకసారి చేసి చూసుకోండి.