పాత ఎన్నికల బ్యాడ్జీలు ఎక్కడివో, ఎప్పటివో ఎలా పోల్చుకోవాలి?

మీ తాతగారి ట్రంకు పెట్టెలో ఒక ఆవు-దూడ బ్యాడ్జీ, ఒక అమెరికా బటన్ దొరికాయన్నారు. పదేళ్లుగా గురువారం వస్తే హైదరాబాద్‌లోని జుమ్మేరాత్ బజార్ పాతసామాన్ల సంతలో ఇలాంటి రేకుల కోసం చేతులు మసి చేసుకుంటున్నవాణ్ణి, నాకు తెలిసింది చెప్తా.

మన బ్యాడ్జీల మీద సంవత్సరం వెయ్యడం అరుదు. గుర్తే పంచాంగం. జోడెద్దులైతే 1969లో కాంగ్రెస్ చీలకముందుది. ఆవు-దూడ ఇందిర వర్గానికి 1971 ఎన్నికలకు వచ్చింది, 1977లోనూ అదే. 1978లో హస్తం. కాబట్టి మీది ఆ మధ్య కాలానిదే. దీపమైతే ఇప్పటి బీజేపీకి ముందున్న జనసంఘ్. చక్రంలో నాగలి పట్టిన రైతైతే జనతా పార్టీ, అంటే 1977 నుంచి. గుర్తు ఊరు మాత్రం చెప్పదు. దానికి లిపి చూడాలి. తెలుగు పక్కన ఉర్దూ కూడా ఉంటే మన హైదరాబాద్ వైపు పంచిందనుకోవచ్చు.

గుర్తొక్కటే నమ్మి నేను ఆరొందలు పోగొట్టుకున్నా. సైకిల్ గుర్తు, పక్కన కాషాయం తలపాగాతో ఎన్టీఆర్, "83 ఎలక్షన్ ఒరిజినల్ సార్" అన్నాడు అమ్మినాయన. ఇంటికి తెస్తే మా నాన్న ఒక్క చూపు చూసి నవ్వేశాడు. "ఒరేయ్, అప్పుడు చైతన్యరథం మీద ఖాకీలో తిరిగాడురా. కాషాయం ముఖ్యమంత్రి అయ్యాకే!" వెనక్కి తిప్పితే పిన్ను కొత్త స్టీలులా తళతళలాడుతోంది, తుప్పు చుక్క లేదు. మరుసటి గురువారం వెళ్లి అడిగితే, "అయితే 85 అనుకోండి సార్" అన్నాడు. ఎన్నికలైతే అప్పుడూ జరిగాయి, ఏమంటాం!

అమెరికా బటన్‌కి వెనకవైపు ముఖ్యం. అక్కడ సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) బటన్లు 1896 అధ్యక్ష ఎన్నికల్లో మెకిన్లీ-బ్రయాన్ పోటీతో ఊపందుకున్నాయి. బొమ్మ కాగితం మీద, పైన పారదర్శకమైన సెల్యులాయిడ్ పొర. వెనకవైపు లోపల అంటించిన కాగితం మీద న్యూజెర్సీ రాష్ట్రం న్యూఆర్క్‌లోని వైట్‌హెడ్ అండ్ హోగ్ లాంటి తయారీదారు పేరు ఉండొచ్చు. పొరా కాగితమూ లేకుండా, గీత పడ్డచోట రేకే మెరుస్తుంటే, నేరుగా రేకు మీద అచ్చేసినది. అవి 1920 ప్రాంతం నుంచి విరివిగా వచ్చాయి. అంచు మడతలో చిన్న అక్షరాలేమైనా ఉన్నాయేమో భూతద్దంతో చూడండి. అమెరికాలో 1973 చట్టం ప్రకారం నకళ్ల మీద వాటిని తయారుచేసిన ఏడాది వెయ్యాలి. పాత నాయకుడి బొమ్మకి కొత్త ఏడాది ఉంటే అది నకలే.

దయచేసి చింతపండు పెట్టి తోమకండి. తడి లోపలికెళ్తే కాగితం ఉబ్బిపోతుంది. ముందూ వెనకా, అంచూ ఎండలో ఫోటోలు తీసి పెట్టండి, చూసి చెప్తా.